ప్రశ్నలకు చోటు లేని చరిత్ర సభలు

సంపాదక మహాశయా,

కర్నూలులో జాతీయ చరిత్రపై రచయితలు, రాజకీయ నాయకులు ప్రసంగించే సభలు జరగడం సంతోషమే. జనం కూడా బాగానే వస్తున్నారు. కానీ ఇటీవల ఒక సభలో శాలువాలు, జ్ఞాపికలతోనే గంటకు పైగా గడిచిపోయింది. ప్రధాన వక్త ముగించగానే ఒక డిగ్రీ విద్యార్థిని లేచి, కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికపై మీ అభిప్రాయం ఏమిటని అడిగింది. ‘సమయం లేదమ్మా, కూర్చో’ అన్నారు నిర్వాహకులు. వెంటనే వందన సమర్పణ. ఆమె చేతిలోని నోటుపుస్తకంలో పేజీ నిండా ప్రశ్నలున్నాయి!

ఇది చాలా అన్యాయం. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరిది. 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాత కర్నూలు జిల్లా వీరుడే. 1800లో నిజాం దత్త మండలాలను (నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను) ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాక ఇక్కడి పాలెగాళ్లు, రైతులు ఏమయ్యారో చెప్పకుండా దేశచరిత్రనంతా ఢిల్లీ చుట్టూ తిప్పితే మా పిల్లలకు అందులో తమ ఊరు ఎక్కడ కనిపిస్తుంది?

నాయకులు తాము మాట్లాడగానే కారెక్కి వెళ్లిపోవడం మరీ బాధాకరం. పక్కనున్న రచయిత చెప్పేది వారు వినవద్దా? వక్తలు తమ మాటలకు ఆధారమైన పుస్తకాల పేర్లు చెప్పాలి. సన్మానాలు తగ్గించి, కనీసం అరగంట శ్రోతల ప్రశ్నలకు కేటాయించాలి. ఆ సంగతి ఆహ్వానపత్రికలోనే అచ్చువేయాలని నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు