ఆసనాలు వేయించండి, మాత్రలు మాన్పించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధి చివర కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. ‘బీపీ, షుగర్, థైరాయిడ్, డిప్రెషన్... మందులు లేకుండా 21 రోజుల్లో మాయం’ అని. పక్కన పద్మాసనం వేసుక్కూర్చున్న ఒకాయన ఫొటో. కూరలకి ఆ దారిన వెళ్లినప్పుడల్లా దాన్ని చూసి ఒళ్లు మండుతోంది, అందుకే ఈ ఉత్తరం. యోగా అంటే గిట్టనిదాన్ని కాదు, రోజూ చేస్తాను. 2025 జూన్ 21న మన విశాఖలో గిన్నిస్ రికార్డు కెక్కిన 3 లక్షల పైచిలుకు జనంలో, తెల్లారకముందే చాప చంకలో పెట్టుకుని వెళ్లి నిలబడినదాన్ని.

నాకు డిప్రెషన్ ఉంది. మొదట్లో ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. బ్రష్ మీద పేస్టు వేసుకుని సింకు ముందు నిలబడితే పావుగంట అలాగే గడిచిపోయేది, నోట్లో పెట్టుకోవాలని తోచేది కాదు. కుక్కర్ ఎన్ని కూతలేసిందో తెలిసేది కాదు. ఏడుపూ వచ్చేది కాదు. మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, చివరికి మా ఆడపడుచే పట్టుబట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లింది (ఎదురింటివాళ్లకి మాత్రం కళ్ల డాక్టరని చెప్పాం). ఆవిడ రాసిన మాత్రలు మూడో వారం దాటాక గానీ పని చేయడం మొదలెట్టలేదు. నాలుగు నెలలకి మనిషినయ్యాను.

అప్పుడు ఒక యోగా సెంటర్లో చేరాను. ఆ గురువుగారు మంచివారే, డబ్బు కోసం కాదు, నిజంగా నమ్మే చెప్పారు: ‘‘ఆ మాత్రలు విషం తల్లీ, ప్రాణాయామం ఉండగా నీకెందుకవి?’’ ఒంట్లో బాగున్నట్టే ఉంది కదా అని ఆ రోజు నుంచే మానేశాను, డాక్టరుకి చెప్పకుండా. నాలుగో రోజుకి తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు తగిలినట్టు జివ్వుమనేది. దాన్ని ఆయన విషం బయటికి పోతోందన్నారు. నెల తిరిగేసరికి మళ్లీ ఆ సింకు దగ్గరే ఉన్నాను, ఈసారి క్లాసుకి వెళ్లడానికి కూడా లేవలేకపోయాను. ఈ జబ్బులో మొదట పోయేదే లేచి వెళ్లే ఓపిక. ఐదింటికి లేచి చాప పరిస్తే తగ్గిపోతుందని చెప్పేవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుందిలెండి.

మళ్లీ తేరుకున్నాక అసలు సంగతేమిటో చూద్దామని చదివాను. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 45 మందిని ఆస్పత్రిలో చేర్చుకుని, పదిహేనేసి మందికి కరెంటు చికిత్స (తలకి కొద్దిగా కరెంటు ఇచ్చే ఈసీటీ), ఇమిప్రమిన్ అనే డిప్రెషన్ మాత్ర, సుదర్శన క్రియ అనే ఊపిరి సాధన ఇచ్చి చూశారు. నాలుగు వారాల్లో కరెంటు చికిత్సలో 14 మంది, మాత్రలతో 11 మంది, క్రియతో 10 మంది కోలుకున్నారు. ఊపిరి సాధన మాత్రకి దగ్గరగా వచ్చిందంటే చిన్న విషయం కాదు, నాకూ సంతోషమే. కానీ దీన్ని చూపించి మందులు వద్దనేవాళ్లు మూడు ముక్కలు మింగేస్తారు: గుంపుకి 15 మందే, అందరూ ఆస్పత్రిలో డాక్టర్ల కళ్లెదుట ఉన్నవాళ్లు, అన్నిటికన్నా బాగా పనిచేసింది మనం పేరు వింటేనే హడలిపోయే కరెంటు చికిత్స.

ఇప్పుడు నేను మాత్రా వేసుకుంటాను, యోగా కూడా చేస్తాను. ఆరు సూర్యనమస్కారాలు, కాసేపు భ్రామరి. నిద్ర బాగుపడింది. చాప మీద చేసే ఆసనాల కన్నా, ‘‘నిన్న రాలేదేం?’’ అని అడిగే క్లాసులోని పక్కావిడ వల్లే నాకు ఎక్కువ మేలు జరిగిందని ఒక్కోసారి అనిపిస్తుంది. శవాసనం మాత్రం ఇప్పటికీ పడదు, కళ్లు మూసుకోగానే పాత ఆలోచనలన్నీ ముసురుకుంటాయి, అందుకని ఆ ఐదు నిమిషాలూ కళ్లు తెరుచుకునే పడుకుంటాను.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. డాక్టరు దాకా వెళ్లిన ఆ కొద్దిమందిని కూడా వెనక్కి లాగితే ఎలా? యోగా కోసం ఇంత ఖర్చు పెట్టే ప్రభుత్వం శిక్షకులకి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే మూడు మాటలు చెప్పొచ్చు. డాక్టరుని అడగకుండా ఎవరి మందూ ఆపించకూడదని, రెండు వారాలకి పైగా దిగులుగా, నిద్రా తిండీ లేకుండా ఉన్నవాళ్లని ఆస్పత్రికి పంపాలని, చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే దాన్ని మనోబలంతో సరిచేయబోకుండా వెంటనే సాయం అందేలా చూడాలని. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. 2022 నుంచి ఉంది. అంతమంది చేరిన యోగా సభల్లో నేను ఒక్కచోట కూడా ఆ నంబరు రాసి ఉండగా చూడలేదు.

ఫ్లెక్సీ తీయించమని మా వార్డు సచివాలయంలో అడిగితే ‘‘ఆరోగ్య శాఖని అడగండి మేడం’’ అన్నారు, ఆరోగ్య శాఖలో అడిగితే ఫ్లెక్సీలు మున్సిపాలిటీవన్నారు. ఇది ఏ శాఖ కిందికి వస్తుందో తెలిసిన అధికారి ఎవరైనా మీ పత్రిక చదువుతుంటే దయచేసి ఇక్కడే జవాబు రాయమనండి.

ఒక పాఠకురాలు, విశాఖపట్నం
(పేరు వేయవద్దని మనవి. ఎదురింటివాళ్లకి నాది ఇంకా కళ్ల జబ్బే.)