ఎనిమిదేళ్లు నిండేదాకా ఏం చేయమంటారు?

సంపాదకులు గారికి నమస్కారం.

చిత్తూరు మిట్టూరులో నాది చిన్న టైలరు అంగడి. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. జూన్ వస్తే అంగడి నిండా బడి యూనిఫారాలే. ఈసారి మా ఇంటి యూనిఫారం ఒకటి నన్ను ఈ ఉత్తరం దాకా తెచ్చింది.

మా కూతురి కొడుక్కి ఆరున్నరేళ్లు, ఒకటో తరగతి. రాత్రి చెప్పిన కథను పొద్దున ఒక్క ముక్క పోకుండా అప్పజెబుతాడు. రెండు చొక్కాలకు గుండీలు ఎన్ని కావాలిరా అంటే, "కాలరు కింద దాన్ని కలిపా, వదిలేసా తాతా?" అని ఎదురడుగుతాడు. అదే గుండీని తన చొక్కాకు పెట్టుకోమంటే మాత్రం కాదు. కాజా దగ్గరికి తెస్తాడు, జారిపోతుంది, మళ్లీ తెస్తాడు. నీళ్ల సీసా మూత తిప్పలేడు. సంగటి ముద్ద నోటికి సగం, చొక్కాకు సగం. పెన్సిల్ ఎంత గట్టిగా పడతాడంటే కాగితం చిరుగుతుంది. నాలుగు గీతల పుస్తకంలో వాడి అక్షరాలు ఒక్క గీత మీదా నిలబడవు.

బడి డైరీలో రోజూ ఎర్ర సిరా. "రాత బాగాలేదు", "బద్ధకం", "ఇంట్లో ప్రాక్టీసు చేయించండి". బోర్డు మీదిది ఎక్కించుకోవడం అయ్యేది కాదు కాబట్టి ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి రాయించేవాళ్లు. ఆడుకుంటేనే కాస్త కుదురుకునే కాళ్లూ చేతులూ, ఆ ఆట కూడా పోయింది.

మేమూ తక్కువ తినలేదు. నేను రెండు దెబ్బలు కూడా వేశాను. ఇరవై ఏళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకోవడానికి ఒక అబ్బాయి వచ్చాడు. సూదిలో దారం ఎక్కేది కాదు, కత్తెర గీత మీద నడిచేది కాదు. చెక్క స్కేలుతో వేళ్ల మీద కొట్టి, వీడి చేతిలో పని లేదని మూడు నెలలకే ఇంటికి పంపేశాను. మనవడు గుండీతో కుస్తీ పడుతుంటే ఇప్పుడు ఆ అబ్బాయే గుర్తొస్తున్నాడు.

తిరుపతిలో పిల్లల డాక్టరు చూసి, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపారు. డిస్‌ప్రాక్సియా అన్నారు. చూపు బాగుంది, చేతిలో బలం ఉంది, తెలివికి లోటు లేదు. ఏ కదలిక ముందు, ఏది తర్వాత అని మెదడు వేసే లెక్క చేతికి సరిగా అందదు, అని ఆ థెరపిస్టమ్మ ఓపిగ్గా చెప్పింది. నా భాషలో చెప్పాలంటే మిషను బాగుంది, మోటారు బాగుంది, మధ్యలో బెల్టు జారుతోంది. బడి ఈడు పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఈ ఇబ్బంది ఉంటుందట. అంటే ఈ జూన్‌లో నేను యూనిఫారం కుట్టిన పిలకాయల్లో కూడా కొందరు ఉండే ఉంటారు.

ఆమె బడికి ఒక కాగితం రాసిచ్చింది. లావు పెన్సిల్ ఇవ్వాలి, కాళ్లు నేలకు ఆనే బెంచీ మీద కూర్చోబెట్టాలి, ఎక్కించుకునే రాత సగానికి తగ్గించాలి, జవాబు నోటితో చెప్పినా ఒప్పుకోవాలి, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి, ఆటలు మాన్పించకూడదు. పైసా ఖర్చు లేని పనులు. బడి పెద్దాయన ఆ కాగితం మడిచి వెనక్కిచ్చి, "సదరం సర్టిఫికెట్ తెండి, చూద్దాం" అన్నారు. అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితం. అది ఇచ్చేచోట అడిగి చూస్తే, ఇలాంటి వాటికి ఎనిమిదేళ్లు నిండాకే పరీక్ష, అప్పుడు రండి అన్నారు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో అట్లాగే ఉందట. సరే, చిన్న వయసులో తొందరపడి ముద్ర వేయకూడదన్నారేమో, అది నాకు అర్థమవుతుంది. కానీ సర్టిఫికెట్ లేకుండా బడి కదలదు, ఎనిమిదేళ్లు రాకుండా సర్టిఫికెట్ రాదు. ఈ ఏడాదిన్నర ఆ పిల్లోడు ఎర్ర సిరా చూస్తూ కూర్చోవాలా?

కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు గారికి నల్ల గౌన్లు నేనే కుడతాను. కుట్టుకూలి బదులు చట్టం చదివి వినిపించమన్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో, అభ్యసన వైకల్యాల జాబితాలో, డిస్‌ప్రాక్సియా పేరు పెట్టే రాసి ఉంది. 16వ సెక్షన్ ప్రకారం సర్కారు నడిపే బడే కాదు, సర్కారు గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. ఇలాంటి ఇబ్బందులను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని కూడా అందులోనే ఉంది. గుర్తించే బాధ్యత బడి మీద పెట్టారు, సర్టిఫికెట్ అన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివించుకున్నాను.

జిల్లా విద్యాశాఖ అధికారులకు నా మనవి ఒక్కటే. పింఛనుకూ రాయితీకీ సర్టిఫికెట్ అడగండి. లావు పెన్సిల్‌కు అడగొద్దని బడులకు ఒక సర్క్యులర్ పంపండి. సర్కారు బడుల్లోని ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలు, ప్రత్యేక అయ్యోర్లు ఉన్నారు. ప్రైవేటు బడి పిల్లల అమ్మానాన్నలు ఎవరి దగ్గరికి పోవాలో కూడా ఆ కాగితంలోనే రాయండి.

మంచి కూడా చెప్పాలి. వాడి క్లాసు టీచరమ్మ, పెళ్లి కూడా కాని చిన్న పిల్ల, ఎవరూ చెప్పకుండానే సగం పాఠం తానే పెన్సిల్‌తో రాసి, మిగతాది వాడి చేత రాయిస్తోంది. ఆటల పీరియడ్ తిరిగిచ్చింది. పరీక్షలో మాత్రం ఆమె చేతిలో ఏమీ లేదు.

ఇంట్లో నేను ఒక పాత కోటు గుడ్డకు పెద్ద గుండీలు కుట్టి, వెడల్పు కాజాలు తీసి ఇచ్చాను. కింది గుండీ కంటికి కనబడుతుంది కాబట్టి అక్కడి నుంచి పైకి పెట్టుకుంటూ వస్తున్నాడు. ఇప్పుడు కోటు గుండీ అయింది, చొక్కా గుండీ ఇంకా కాలేదు. అందాకా బడి చొక్కాకు పైన గుండీలు అట్లాగే ఉంచి, లోపల వెల్క్రో కుట్టాను. దూరం నుంచి తేడా తెలియదు. పొద్దున తనే వేసుకుని వీధిలోకి పరుగెత్తుతున్నాడు.

ఇలాంటి చొక్కా కావలసిన పిలకాయలు ఎవరైనా ఉంటే మా అంగడికి పంపండి. కుట్టుకూలి వద్దు, వెల్క్రో ఖరీదు ఇస్తే చాలు. చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక టైలరు,
మిట్టూరు, చిత్తూరు