వార్షిక నివేదిక: ముడుమాల్ నిలువురాళ్ల యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాల పనులు, బోరు మరమ్మతు, వినాయక చవితి ఖర్చుల లెక్కలు విడిగా జతచేశాం. వాటి మీద ఏమన్నా ఉంటే సర్వసభ్య సమావేశంలో అడగండి. ఈ నివేదికలో ఎక్కువ భాగం డిసెంబరు యాత్ర గురించే. చందా కట్టి కూడా రాలేకపోయినవాళ్లకు ఆ మాత్రం చెప్పాలి కదా.

నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డున ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఆ వార్త చూసే ఈసారి గుళ్ల యాత్ర మానుకుని ఇటు బయల్దేరాం. రామప్పలాగా ఇదీ వారసత్వ కట్టడం అయిపోయిందని మనవాళ్లు కొందరు వాట్సాప్‌లో తెగ పంచారు. ఇంకా కాలేదు. తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది ఉన్నాకే నామినేషన్ పంపే వీలుంటుంది.

డిసెంబరు 21న పొద్దుపొడుపు చూడాలన్నది మన ఆలోచన. సూర్యుడి నడక ఉత్తరానికో దక్షిణానికో మళ్లే రోజుల్లో (డిసెంబరు 21, జూన్ 21 ప్రాంతంలో) సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిగ్గా ఈ రాళ్ల వరసలు ఉన్నాయని పరిశోధకులు చెబుతారు. తీరా బస్సు దారి తప్పింది, పైగా దట్టమైన మంచు. మేం చేరేసరికి ఎండ ముదిరింది. సరే, పొద్దు కుంకేదాకా అక్కడే ఉన్నాం.

పది పన్నెండు అడుగుల పైనున్న రాళ్లు ఎనభై దాకా ఉన్నాయి, చిన్నవి వేలల్లో. దాదాపు మూడున్నర వేల ఏళ్ల నాటివని అంచనా. దగ్గరికెళ్లి చూస్తే పెద్దగా చెక్కడమేమీ లేదు, గరుకు రాయిని అలాగే నిలబెట్టారు. ఒక రాయి మొదట్లో పసుపు, కుంకుమ, కొబ్బరి పీచు. ఊరివాళ్లకు అది ఎల్లమ్మ. మొత్తం రాళ్లను నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. ఇన్నేళ్లుగా ఇవి నిలబడి ఉండటానికి కంచె కన్నా ఆ మొక్కే ఎక్కువ కాపు కాసిందని నా నమ్మకం.

అసలు చిక్కుముడి ఒక బల్లపరుపు బండ మీద ఉంది. దాని మీది చిన్న గుంటలు సప్తర్షి మండలమని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు గుర్తించారు. సప్తర్షుల్లో తోకకు ఎదురు చివరనున్న రెండు చుక్కలను కలిపి గీత పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది. అయితే భూమి అక్షం మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఆ కాలంలో ఇప్పటి ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కుకు దూరంగా ఉండేదని మన రిటైర్డ్ సైన్సు మాస్టారు అడ్డుపడ్డారు. మరి వాళ్లు ఏ చుక్కను చూసి ఉత్తరం గుర్తుపట్టారు? ఆ వాదన తిరుగు ప్రయాణంలో భోజనాల దాకా సాగింది.

సంఘం తరఫున ఒక తప్పు ఒప్పుకోవాలి. ఫొటోలో బాగా కనబడాలని మనలో ఒకరు ఆ గుంటల్లో సుద్దపొడి నింపారు. ఊరి పెద్దాయన చూసి గట్టిగానే తిట్టారు. ఆయన ముందే నీళ్లు పోసి కడిగాం. ఇకపై ఇలాంటి చోట సుద్ద, రంగు, నూనె ఏదీ వాడకూడదని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే యాత్ర ఏప్రిల్‌లో. సాయంత్రం చీకటి పడగానే సప్తర్షులు ఉత్తరాన కనిపించే రోజులవి. దారి తెలిసిన డ్రైవరు కావాలి, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సుద్ద డబ్బా సంఘం బీరువాలో ఉంది, తెచ్చినవారు వచ్చి తీసుకెళ్లవచ్చు.

కార్యదర్శి