మా రూపాయికి 8 పైసలు ఎక్కడ ఆగాయి?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొత్తగా గ్రాంటు ఇమ్మని ఈ ఉత్తరం రాయడం లేదు. మేం కట్టేసిన డబ్బు గురించే అడుగుతున్నాను.

ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 2,500 రూపాయల పన్నుకు అది 200. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు బాగానే జరుగుతోంది. జమ దగ్గరే చాలాచోట్ల బకాయి పడుతోంది. పంచాయతీలకు కరెంటు బిల్లులు, జీతాల ఇబ్బందులు ఉంటాయి, కాదనను. కానీ ఇది వాళ్ల ఆదాయం కాదు, వాళ్ల చేతుల మీదుగా పోవాల్సిన సొమ్ము.

నేను రోజూ వెళ్లే శాఖా గ్రంథాలయం అద్దె ఇంట్లో ఉంది. పొద్దున పేపర్ల కోసం పెద్దవాళ్లు వస్తారు. ఆ తర్వాత గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు కుర్చీ దొరికితే చాలనుకుని వస్తారు. పుస్తకాలు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకుంటారు. ఎందుకంటే ఇక్కడి బీరువాలోని జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో మన రాష్ట్రానికి ఇంకా 23 జిల్లాలే! అందరం నవ్వుకున్నాం గానీ, అది నమ్మి పరీక్ష రాసే పిల్లాడికి నవ్వు రాదు.

చట్టమూ సెస్సూ లేని 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపించారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్లకు పంపారు. ఇప్పుడు చట్టం ఉంది, సెస్సు ఉంది, పుస్తకమే రావడం లేదు.

ఇంటి పన్ను ఫోన్‌లోనే కట్టే రోజులివి. కట్టిన నిమిషంలోనే ఆ 8 పైసలు విడిపోయి నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా చేయించండి. పాత బకాయిలకు వాయిదాలు పెట్టండి, ఒక్కసారిగా కట్టమంటే ఎవరూ కట్టలేరు. ఏ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్నది ప్రతి గ్రంథాలయం బోర్డు మీద రాయించండి.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఈసారి వేదిక ఎక్కే అధికారుల చేతికి దండలతో పాటు ఆ లెక్క కూడా ఇప్పించండి. మైకులో చదివితే వినడానికి మేం ముందు వరుసలోనే కూర్చుంటాం.

ఇట్లు,
ఒక శాఖా గ్రంథాలయ పాఠకుడు