జూనో రేవులో లిఫ్ట్ బస్సు నడిపే ఆవిడకు

అందరికీ నమస్కారం. అలాస్కా షిప్పు యాత్ర ముగించుకుని నిన్న పొద్దున్నే సియాటిల్‌లో షిప్ దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, కుర్చీలో కూర్చున్నా నేల ఊగుతున్నట్టే ఉంది. అయినా ఈ నాలుగు మాటలూ ఇవాళే రాయాలని కూర్చున్నాను.

ఈ కృతజ్ఞతలు ముఖ్యంగా ఒక్క మనిషికి. అలాస్కాలోని జూనో రేవు నుంచి మెండెన్‌హాల్ హిమానీనదం దాకా టూరు బస్సు నడిపే డ్రైవరమ్మకు. పేరు తెలుసు కానీ అడక్కుండా ఇక్కడ రాయడం బాగోదు. డ్రైవరూ ఆవిడే, గైడూ ఆవిడే. మైకు తగిలించుకుని నడుపుతూనే ఊరి గురించి చెబుతారు. యాభై దాటి ఉంటాయి. కొవ్వూరు నుంచి వచ్చిన మా అమ్మకు ఆ రెండున్నర గంటల్లో ఆవిడ చేసింది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

అమ్మకు పక్షవాతం వచ్చి తగ్గింది, కుడికాలికి పట్టు రాలేదు. చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది, అంతకు మించితే వీల్‌ఛైరే. టూరు బస్సు మెట్లు చూసినవాళ్లకు తెలుసు: ఇరుకుగా, మలుపు తిరుగుతూ అయిదారు ఉంటాయి. కమ్మీ పట్టుకున్నా కాలు మడవగలిగితేనే ఎక్కడం. టూరు టికెట్ షిప్ కంపెనీ దగ్గరే కొన్నాం, వీల్‌ఛైర్ ఫారం అప్పుడే నింపి ఇచ్చాం. తీరా 9:45కి రేవులో మా ముందు ఆగిన బస్సుకు, కుర్చీని మనిషితో సహా పైకెత్తే లిఫ్ట్ లేదు. కుర్చీ మడిచి కింద సామాన్ల అరలో పెడతామనీ, అమ్మ మెట్లెక్కాల్సిందేననీ, లేదంటే డబ్బు వాపసు తీసుకోమనీ చెప్పారు. వాన. అమ్మ "మీరెళ్లి రండి, నేను గదిలో కూర్చుంటాను" అంది. పెద్దవాళ్లను తిప్పేవాళ్లందరూ ఈ మాట వినే ఉంటారు.

రెండు బస్సుల అవతల నుంచి ఈ డ్రైవరమ్మ దిగి వచ్చారు. మాతో మాట్లాడలేదు. ముందు అమ్మ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, అమ్మ కళ్లలోకి చూసి నమస్కారంలా తల ఊపారు. తర్వాతే మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగారు. కుర్చీతో కలిపి బరువెంత, చెయ్యి పట్టుకుంటే నిమిషం నిలబడగలరా, వెనక్కి జరిపితే తల తిరుగుతుందా. వంగి కుర్చీ కింద ఇనుప చట్రం ఎక్కడెక్కడ అతుకు పెట్టి ఉందో చేత్తో తడిమి చూశారు. ఆవిడ బస్సుకి లిఫ్ట్ ఉంది. 10:20కి బయల్దేరాలి. అందులో వీల్‌ఛైర్‌కి ముందే చోటు తీసుకున్నవాళ్లు రాలేదట. రేడియోలో ఆఫీసుతో మాట్లాడారు. ఒకసారి కాదన్నారు, ఆవిడ మళ్లీ అడిగారు. రెండోసారి సరేనన్నారు.

తర్వాత జరిగింది పూసగుచ్చినట్టు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు రెండు వరుసల సీట్లను నేలలో ఉన్న పట్టాల మీద జరిపి చోటు చేశారు. లిఫ్ట్ బల్ల నేలకు దించాక, అమ్మ వీపు బస్సు వైపు ఉండేలా కుర్చీని వెనక్కి ఎక్కించారు. అలా అయితే బరువు బస్సు వైపే ఉంటుంది, పైకి లేస్తున్నప్పుడు మన మనిషి మొహం కనిపిస్తూ ఉంటుంది కాబట్టి భయం తగ్గుతుంది. రెండు బ్రేకులూ వేసి, బల్ల అంచు రేకు నిలువుగా లేచిందో లేదో చేత్తో నెట్టి చూశాకే మీట నొక్కారు.

లోపల నాలుగు పట్టీలు: ముందు రెండు, వెనక రెండు. కొక్కేలు చట్రానికి అతుకు ఉన్నచోటే తగిలించాలి. చక్రానికీ, చేతులు ఆన్చుకునే కమ్మీకీ, పాదాల పలకకూ తగిలిస్తే అవి కుదుపుకి ఊడి చేతికొస్తాయి. మా తమ్ముడు సాయం చేద్దామని పాదాల పలకకు తగిలించబోతే ఆవిడ మెల్లగా వాడి చెయ్యి పక్కకు తీశారు. వెనక పట్టీలు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో బిగించారు. తర్వాత కుర్చీని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి, కదిలినంత మేర రెండు వేళ్లు అడ్డం పెట్టి చూశారు. ఏ వైపుకైనా రెండంగుళాలకు మించి కదలకూడదు, అది అమెరికాలో నిబంధన. అప్పుడు మనిషికి విడిగా నడుము బెల్టు, భుజం బెల్టు. పట్టీలు పట్టుకునేది కుర్చీని, మనిషిని కాదు. కుర్చీకి ఉండే చిన్న బెల్టు జారకుండా కూర్చోవడానికే తప్ప బస్సు బ్రేకు వేస్తే ఆపలేదు. మొత్తం పది నిమిషాలు పట్టింది. బస్సు నిండా జనం, ఒక్కరూ గడియారం చూడలేదు. వాళ్లకూ దండం.

కానీ నన్ను ఏడిపించింది లిఫ్ట్ కాదు, మైకు.

అమ్మకు ఇంగ్లిష్ రాదు. బస్సు బయల్దేరాక నేను పక్కన కూర్చుని గొంతు తగ్గించి తెలుగులో చెబుతున్నాను. రెండు నిమిషాలకే ఆవిడ అద్దంలో గమనించారు. అప్పటి నుంచి ఒక వాక్యం చెప్పడం, ఆగడం, అద్దంలో చూడడం, నా పెదాలు ఆగాక రెండో వాక్యం. ఊరు దాటాక కూడా అలాగే. జూనో అలాస్కాకు రాజధాని అయినా బయటి నుంచి అక్కడికి రోడ్డు లేదు, ఓడో విమానమో ఎక్కాలి అన్నారు. ఆగారు. నేను చెప్పాను. అమ్మ "మరి ఉప్పూ పప్పూ?" అంది. అమ్మ ఏమందో అది కూడా చెప్పమన్నారు ఆవిడ! అన్నీ బార్జిల మీద, అంటే సరుకులు మోసే బల్లపరుపు పడవల మీద వస్తాయని, అందుకే ధరలు ఎక్కువని అమ్మకే జవాబు చెప్పారు. ఆ బస్సులో అమ్మ ప్రయాణికురాలు. సామాను కాదు.

హిమానీనదం దగ్గర దిగేముందు ఆవిడ ఇచ్చిన సలహా వందమందికి చెప్పదగ్గది. రేవు నుంచి సుమారు 13 మైళ్లు, వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట, అక్కడ మనకు మిగిలేది గంటన్నర. అందరూ నగెట్ జలపాతం దాకా పరుగెత్తుతారు. 377 అడుగుల ఎత్తు, దారి చదునే, కానీ పోనూ రానూ రెండు మైళ్లు. వానలో వీల్‌ఛైర్ ముందుండే చిన్న చక్రాలు కంకరలో దిగబడతాయి. కుర్చీని వెనక్కి వాల్చి లాక్కుపోవాలి, లాగేవాళ్ల నడుము పోతుంది, టైమూ చాలదు. అందుకని ఫొటో పాయింట్ దారి ఎంచుకోమన్నారు. మైలులో మూడోవంతు, గట్టి దారి, చివర సరస్సూ మంచూ జలపాతమూ ఒకే చూపులో కనిపిస్తాయి. పైన 1962లో కట్టిన సందర్శకుల కేంద్రానికి కింద నుంచి లిఫ్ట్ ఉంది, మెట్లెక్కనక్కర్లేదు. తినేవి బస్సులోనే వదిలెయ్యమన్నారు. నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి బయట మంచినీళ్లు తప్ప ఏమీ కుదరదు. షుగరున్న పెద్దవాళ్లకు బిస్కెట్లు బస్సు దిగకముందే పెట్టాలి.

మబ్బు పట్టిందని మేం దిగులుపడ్డాం. మబ్బు రోజే నీలం బాగా తేలుతుందన్నారు ఆవిడ. మంచు మీద మంచు పడి, గాలి బుడగలు నలిగిపోయి, గట్టిపడిన ఐసు ఎర్ర వెలుగును మింగేసి నీలాన్ని వదులుతుందట. నిజమే, అమ్మ పెట్టె అడుగున దాచుకున్న ధర్మవరం చీర రంగు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఆగస్టు కావడంతో స్టీప్ క్రీక్ వాగులో సాకై సాల్మన్ చేపలు ఎర్రగా మారి ఏటికి ఎదురెక్కుతున్నాయి. వాగు మీద చెక్క వంతెన దారి ఉంది, వీల్‌ఛైర్ బాగా వెళ్తుంది. అమ్మ చూసి "ఇది మన పులసే కదే" అంది. సముద్రంలో ఇలస, గోదారి ఎర్రనీటికి ఎదురొచ్చాక పులస. తిరుగుబస్సులో ఆవిడకు ఇది చెబితే ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నారు.

రేవులో లిఫ్ట్ దించాక అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు తల్లీ" అంది. ఆవిడ నా వైపు చూశారు. ఆ ఊళ్లో, ఆ వానలో, ఆ మాటని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? మా ఎండల దేశంలో ఇంతకన్నా పెద్ద దీవెన లేదని చెప్పాను. ఆవిడ చేతి తొడుగు తీసి, ఉత్త చేత్తో మళ్లీ అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

ఆ హడావిడిలో టిప్పు ఇవ్వడం మరిచిపోయాం. మనిషికి అయిదో పదో డాలర్లు ఇవ్వడం అక్కడి పద్ధతి. బస్సు నంబరు, బయల్దేరిన టైమూ రాసుకున్నాను కాబట్టి ఆవిడ చేసింది వివరంగా రాసి కంపెనీకి ఉత్తరం పంపుతున్నాను, టిప్పు ఆవిడకు చేర్చే దారి చెప్పమని కూడా.

ఇక కడుపుమంట. షిప్పు కంపెనీ పేరు రాయను. కానీ బుకింగ్‌లో నింపించుకున్న వీల్‌ఛైర్ ఫారం టూర్ల డెస్కుకి చేరనే చేరదట. "అది వేరే విభాగం" అన్నారు. మరి ఆ ఫారం ఎందుకు? టూరు వివరాల పేజీలో వీల్‌ఛైర్ బొమ్మ పెడతారు, ఆ బొమ్మకు అర్థం లిఫ్ట్ ఉందనా, మడిచి కింద పెడతామనా, ఎక్కడా రాయరు. 1990 నాటి వికలాంగుల చట్టం, విదేశీ జెండాతో తిరిగే షిప్పులకు కూడా అమెరికా నీళ్లలో కొన్ని పరిమితులతో వర్తిస్తుందని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లు దాటాక కూడా వానలో ఒక పెద్దావిడకు "మెట్లెక్కు, లేకపోతే ఇంటికి పో" అన్న జవాబేనా?

కాబట్టి అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు, ఫారం నింపి ఊరుకోకండి. టూర్ల డెస్కుకి విడిగా ఈమెయిలు రాసి "బస్సుకి లిఫ్ట్ ఉందా, పట్టీలున్న చోటు ఉందా" అని ఆ రెండు మాటలే అడిగి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. టూరు బస్సుల వాళ్లు 48 గంటల ముందు చెప్పమని అడగవచ్చు, అందుకే షిప్పెక్కకముందే రాయడం మంచిది. వీల్‌ఛైర్ లేకపోయినా, మెట్లెక్కలేనివాళ్లు నిలబడి కూడా లిఫ్ట్ వాడుకోవచ్చు. మోకాళ్ల నొప్పుల అత్తగార్లకు ఇది ఎవరూ చెప్పరు. చిన్న చక్రాల తోపుడు కుర్చీ కాకుండా గట్టి చట్రం ఉన్నదే తీసుకెళ్లండి.

ఇంకొకటి, సియాటిల్ నుంచి వెళ్లే షిప్పులు దాదాపు అన్నీ కెనడాలోని విక్టోరియాలోనో మరోచోటో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న షిప్పు మధ్యలో పరాయి దేశపు రేవు తాకకుండా అమెరికా నుంచి అమెరికాకు తిప్పి తేకూడదని 1886 నాటి చట్టం. అందుకని ఇండియా పాస్‌పోర్టుతో విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా కూడా తప్పనిసరి, అది లేక రేవులోనే వెనక్కి తిరిగినవాళ్లున్నారు. గ్రీన్‌కార్డు ఉంటే ఆ వీసా అక్కర్లేదు. జూనోలో తిరిగి రేవులోకి రావడానికి షిప్పు కార్డుతో పాటు ఫొటో ఉన్న గుర్తింపు అడుగుతారు, అమ్మలకు పాస్‌పోర్టే ఆధారం, తడవని కవర్లో పెట్టండి. అలాస్కా గడియారం సియాటిల్ కన్నా గంట వెనక. ఫోను ఏం చూపించినా షిప్పు గడియారమే లెక్క. షిప్పు అమ్మిన టూరు ఆలస్యమైతే షిప్పు చూసుకుంటుంది, బయట కొన్నదైతే తర్వాతి రేవుకు మన ఖర్చు మీద మనమే చేరాలి.

మా ఆయనకూ, తమ్ముడికీ, మరదలికీ థాంక్స్. అమ్మ పని వాళ్లదీ నాదీ ఒకటే కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు.

అయ్యో, షిప్పు దిగే వంతెన (గ్యాంగ్‌వే) దగ్గరి ఫిలిప్పీన్స్ కుర్రాళ్లని మరిచిపోయాను. జూనోలో ఊరివాళ్ల బెర్తులు, అంటే షిప్పులు ఆగే వేదికలు, నీటి మీద తేలేవి. షిప్పుతో పాటు బెర్తూ లేచి దిగుతుంది కానీ అక్కడి నుంచి గట్టుకెళ్లే ర్యాంపు, నీరు తీసినప్పుడు బాగా ఏటవాలవుతుంది. అక్కడ పోటుకీ ఆటుకీ తేడా 15 అడుగులు దాటుతుంది. అలాంటి ర్యాంపు మీద కుర్చీని ముందుకు దింపితే మనిషి జారిపోతారు. ఆ ఇద్దరూ కుర్చీ వెనక్కి తిప్పి, ఒకరు వెనక, ఒకరు ముందు పట్టుకుని అడుగడుగునా ఆగుతూ దింపారు.

సందర్శకుల కేంద్రంలో టెలిస్కోపు అమ్మ కళ్ల ఎత్తుకి దించిపెట్టిన రేంజర్‌కు కూడా. రేడియోలో రెండోసారి సరేనన్న ఆ గొంతుకు కూడా, ఎవరో ఏమో.

ఫొటో పాయింట్ దగ్గర అమ్మ మీద గొడుగు పట్టి, మా చేతికిచ్చి వెళ్లిపోయిన గుజరాతీ దంపతులకు కూడా. నీలం గొడుగు, చెక్క పిడి. షిప్పులో మూడు పూటలా డైనింగ్ హాల్లో వెతికాం, కనిపించలేదు. అది మా దగ్గరే ఉంది.