వీలునామాలో బడికీ ఒక వాటా

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. నాతో పనిచేసిన తెలుగు మాస్టారు పోయాక ఆయన బీరువాలో ఒక కాగితం దొరికింది. ‘నా పుస్తకాలు, బ్యాంకులో ఉన్న డబ్బులో కొంత బడికి ఇవ్వాలి’ అని తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. కింద సంతకం ఉంది, సాక్షులు లేరు. ఆయన నాలుగు బళ్లలో పనిచేశారు, ఏ బడికో రాయలేదు. ‘కొంత’ అంటే ఎంతో తెలియదు. పిల్లలు ముగ్గురూ మంచివాళ్లే, కానీ ఎవరికి తోచిన అర్థం వారు చెప్పారు. చివరికి ఆ కాగితం మళ్లీ బీరువాలోకే వెళ్లింది. ఆయన వాడిన నిఘంటువును గుర్తుగా నాకిచ్చారు. పేజీల అంచుల నిండా పెన్సిల్‌తో రాసుకున్న పాఠాంతరాలు, ఉదాహరణలు. పిల్లల చేతుల్లో నలగాల్సిన పుస్తకం నా అలమరలో ఉంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

బడికి ఏమైనా మిగల్చాలన్న కోరిక చాలామందిలో ఉంటుంది. అది కోటీశ్వరుల పని అనుకుని ఆగిపోతారు. 1790లో చనిపోయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనకు తొలి అక్షరాలు నేర్పిన బోస్టన్ ఉచిత పాఠశాలలకు 100 పౌండ్లు రాశాడు. దాని వడ్డీతో ఏటా పిల్లలకు వెండి పతకాలు ఇమ్మన్నాడు, అంతే. 1638లో జాన్ హార్వర్డ్ ఆస్తిలో సగంతో పాటు 400 దాకా పుస్తకాలను అప్పుడే పుట్టిన ఒక కళాశాలకు విడిచి వెళ్లాడు. 1764లో గ్రంథాలయం తగలబడి అవన్నీ బూడిదయ్యాయి. ఎవరో చదువుకోవడానికి తీసుకుపోయిన ఒక్క పుస్తకం మాత్రం దక్కింది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రాసేటప్పుడు ఇంత మొత్తం అని అంకె వేయకండి. ఇరవై ఏళ్లకు ఆ అంకె విలువ కరిగిపోతుంది. పైగా ముసలితనంలో వైద్యానికి ఖర్చయిపోతే, ముందు ఆ అంకె చెల్లించి మిగిలిందే పిల్లలు పంచుకోవలసి వస్తుంది. అప్పులు, ఖర్చులు పోగా మిగిలిన దానిలో పదో వంతో, ఇరవయ్యో వంతో అని రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు. బడి పేరు వాడుకలో పిలిచేది కాకుండా రికార్డుల్లో ఉన్నదే ఉండాలి. ఆ బడి మూతపడితే ఆ వాటా ఎవరికి చెందాలో కూడా ఒక వాక్యం ఉండాలి. ఇవన్నీ న్యాయవాది ఒక పూటలో సరిచూసి చెప్పగలరు. బతికున్నంత కాలం వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కాబట్టి భయం అక్కర్లేదు. పిల్లలకు మాత్రం ముందే చెప్పండి. మనం పోయాక తెలిస్తే నొచ్చుకుంటారు, ఇప్పుడు చెబితే తామూ ఒక మాట కలుపుతారు.

షరతుల విషయంలో చేయి వదులుగా ఉంచండి. 1831లో చనిపోయిన స్టీఫెన్ గిరార్డ్ ఫిలడెల్ఫియాలో అనాథల బడికి అపారమైన ఆస్తి రాశాడు. కానీ తెల్లజాతి మగపిల్లలకే అన్నాడు. ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడితే గానీ 1968 వరకు నల్లజాతి పిల్లలు ఆ గేటు దాటలేకపోయారు. ఆడపిల్లలు 1984 దాకా ఆగవలసి వచ్చింది. చనిపోయిన మనిషి గీసిన గీత బతికున్న పిల్లలను అన్నేళ్లు బయట నిలబెట్టింది. యాభై ఏళ్ల తర్వాతి బడికి ఏం కావాలో మనకెలా తెలుస్తుంది? ‘పిల్లల చదువుకు, ఆనాటి అవసరాన్ని బట్టి’ అని రాస్తే చాలు.

బడులకూ ఒక విన్నపం. ఇలా ఇవ్వాలనుకునేవారు ఎవరిని కలవాలో, బడి అసలు పేరు ఏమిటో నోటీసు బోర్డులో ఒక మూల రాసి పెట్టండి. వచ్చిన సొమ్ము దేనికి ఖర్చయిందో ఏడాదికోసారి అక్కడే అతికించండి. పోయిన నెల నేను సాక్షుల ఎదుట నా వీలునామా మీద సంతకం చేశాను. బడికి పదో వంతు రాశాను. మాస్టారి నిఘంటువును ఈ వారమే ఆ బడి గ్రంథాలయంలో ఇచ్చి రాబోతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు