నాయకులకు వినడం కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

అధికారులకు, సంస్థల అధిపతులకు, ప్రజాప్రతినిధులకు ఇచ్చే నాయకత్వ శిక్షణ అంటే వేదికపై ఎలా నిలబడాలి, గొంతు ఎక్కడ పెంచాలి, సభను ఎలా ఆకట్టుకోవాలి అన్నదే అయిపోయింది. చెప్పిన మాట అవతలివారికి అందిందో లేదో చూసుకోవడం, కిందివారు చెప్పేది చివరిదాకా వినడం అనే రెండు పనులకూ అందులో చోటు దక్కడం లేదు. నాయకుడి మాట ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండు చోట్లే గనుక ఈ లేఖ రాస్తున్నాను.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లోని టెనెరిఫేలో దట్టమైన పొగమంచు మధ్య రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వేపైనే ఢీకొని 583 మంది మరణించారు. టేకాఫ్‌కు అనుమతి రాకముందే నెదర్లాండ్స్ విమానయాన సంస్థ కేఎల్ఎంకు చెందిన విమానం పరుగందుకుంది. ఎదుటి విమానం ఇంకా రన్‌వే దాటలేదేమోనని అందులోని ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. దాటిందని కెప్టెన్ గట్టిగా అనడంతో ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. ఆ కెప్టెన్ సంస్థలో ఎంతో సీనియర్, ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చిన వ్యక్తి. అంతటి అనుభవజ్ఞుడిని రెండోసారి అడగడానికి కిందివారికి నోరు రాకపోవడమే నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయాన రంగం తన శిక్షణను మార్చుకుంది. అభ్యంతరం చెప్పడం సహపైలట్ బాధ్యత అనీ, దాన్ని వినడం కెప్టెన్ బాధ్యత అనీ నేర్పడం మొదలుపెట్టింది. విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చదివి వినిపించే పద్ధతిని మరింత కట్టుదిట్టం చేసింది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టు కూడా, కోత పెట్టే ముందు బృందంలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, బాధ్యత చెప్పుకోవాలంటుంది. ఒకసారి నోరు విప్పినవారు అవసరమైనప్పుడు మళ్లీ విప్పడానికి అంతగా జంకరు.

కార్యాలయాల్లో జరుగుతున్నది దీనికి పూర్తిగా భిన్నం. సమావేశం చివర పై అధికారి "అందరికీ అర్థమైంది కదా?" అంటారు, అందరూ తలూపుతారు, బయటికి వచ్చాక వరండాలో ఒకరినొకరు "ఇంతకీ మనల్ని ఏం చేయమన్నట్టు?" అని అడుగుతారు. అదే అధికారి "రేపు మీరు మొదట చేసే పని ఏమిటి?" అని అడిగి ఉంటే, ఏది అందలేదో అక్కడే తేలిపోయేది. తన అభిప్రాయాన్ని చివర చెప్పే నాయకుడికి ఇతరుల అసలు అభిప్రాయాలు తెలుస్తాయి. ముందే చెప్పేస్తే వినిపించేది తన ప్రతిధ్వనే. ఇక చెడు వార్త తెచ్చినవారిపై నలుగురిలో ఒక్కసారి కసురుకున్నా చాలు, మరో చెడు వార్త ఆ గదిలోకి సకాలంలో రాదు. నిర్ణయం ఇంకా కాకపోతే కాలేదనీ, ఫలానా రోజు చెబుతాననీ అనడం కూడా నాయకుడి పనే, ఎందుకంటే ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఆ మౌనంలోనే పుకార్లు పుడతాయి.

కాబట్టి శిక్షణ సంస్థలు ఉపన్యాస కళతో పాటు వినడాన్నీ, ఆదేశాన్ని తిరిగి చెప్పించుకోవడాన్నీ పాఠ్యాంశాలుగా చేర్చాలి. నాయకుల వార్షిక మదింపులో, మీ అభ్యంతరాన్ని భయం లేకుండా చెప్పగలిగారా అన్న ప్రశ్నను వారి కింద పనిచేసేవారినే, పేర్లు గోప్యంగా ఉంచి అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు